పాత మందులు యథాతథం

వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సులో కిటికీ పక్కన సీటు దొరకడమే పెద్ద అదృష్టం అనుకుని, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టును మడిచి ఫోను కవరులో దోపుకుని, పొద్దున ఎనిమిదింటి నుంచి వార్డులో నిలబడి వాచిన పాదాలను చెప్పుల్లోంచి బయటికి తీసి పెట్టుకున్న సుమనకు, పెబ్బేరు రాకముందే ఇంటి నుంచి ఫోను వచ్చింది. అమ్మ. ఫోనులో మాట్లాడటమంటే వీధి చివరి మనిషిని కేకేయడమే అనుకుంటుంది అమ్మ, ఇన్నేళ్లయినా. "నాయిన బీపీ గోలీలు నువ్వు మొన్న కొత్తయి తెస్తివి గద. పాత డబ్బల ఇంక నాలుగు మిగిలినయి. రెండు ఏయాల్నా, ఒక్కటేనా?" సుమన నవ్వుతూనే చెప్పింది. "రెండు ఒకటేనమ్మా, పేరే వేరు. పాతయి ఒడిసినంక కొత్తయి మొదలువెట్టు." అమ్మ సరేనంది, కూర ఏం చేయాలో అడిగింది, జవాబు వినకుండానే పెట్టేసింది.

ఫోను ఒళ్లో పెట్టుకుని బయటికి చూసింది. పత్తి చేలల్లో ఆడవాళ్లు నడుముకు ఒడి కట్టుకుని, వంగి, తెల్లటి బరువును ముందుకు మోసుకుంటూ సాళ్ల మధ్య కదులుతున్నారు. మూడు దాటిన ఎండ పల్చగా, పచ్చగా ఉంది. రెండు ఒకటే, పేరే వేరు. ఎంత సులువుగా చెప్పింది తను. ఇవాళ ఈ మాట ఇంకెవరికో కూడా చెప్పాల్సి ఉండెనా? ఎవరికి? ఏదో ఒకటి పంటి సందులో ఇరుక్కున్న పీచులా తగులుతూ ఉంది, నాలుకతో వెతికితే జారిపోతూ ఉంది, ముందు సీట్లో పసిపిల్ల ఏడుస్తోంది, తల్లి దానికి బిస్కెట్టు ప్యాకెట్టు చూపిస్తోంది, ఆకుపచ్చ ప్యాకెట్టు, ఆకుపచ్చ. ఆకుపచ్చ గోలీల షీటు. ఏడో నంబరు మంచం. కురుమయ్య పెద్దనాయిన. ఆ ఆకుపచ్చ షీటు ఉన్న కవరును మంచం పక్క పెట్టెలోంచి తనే తీసి, "ఇగో మీ గోలీలు, మరిచేరు" అని ఆయన భార్య చేతిలో పెట్టింది. కాళ్లు వాటంతట అవే చెప్పుల్లోకి దూరాయి.

లేదు, అట్లా అయి ఉండదు, మొదటి నుంచి చూద్దాం అనుకుంది, లెక్క తప్పిన పిల్ల మళ్లీ పలక తుడిచినట్టు. పదకొండు గంటలు. ఏడు డిశ్చార్జీలు, వార్డులో ఇద్దరే సిస్టర్లు, తనూ సౌందర్యా. డాక్టరు మల్లికార్జున్ సారు ఆపరేషనుకు పోవాల్సిన తొందరలో నడుస్తూనే చెబుతున్నారు, తను వెనకే అట్ట మీద కాగితం పెట్టి రాస్తోంది. ఏడో నంబరు. నెమ్ము తగ్గింది, ఇంటికి పోవచ్చు, దగ్గు మందు ఐదు రోజులు, ఇక్కడ ఇస్తున్న షుగరు గోలి పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, పాత మందులు కంటిన్యూ. అంతే. సారు ఎనిమిదో మంచం దగ్గరికి పోయారు. తను రాసింది. దగ్గు మందు రాసింది, షుగరు గోలి పేరు రాసింది, సూర్యుడి బొమ్మా చంద్రుడి బొమ్మా వేసింది చదువు రానివాళ్ల కోసం, చివర "పాత మందులు యథాతథం" అని రాసి, దాని కింద గీత కూడా కొట్టింది. ఎంత అందంగా రాసింది! ఆ పాత మందుల్లో బీపీది ఒకటి, గుండెకు సంబంధించిన చిన్న గోలి ఒకటి, ఆకుపచ్చ షీటులోని షుగరుది ఒకటి. ఆకుపచ్చ షీటులోదీ, దవాఖాన షాపు నుంచి తెచ్చిన తెల్ల షీటులోదీ ఒకే మందు. కంపెనీలు వేరు, మీద పేర్లు వేరు, లోపల ఉన్నది గ్లిమెపిరైడే. ఇప్పుడు ఆ ఇంట్లో రెండూ ఉన్నాయి, రెండూ వేసుకోమని కాగితం చెబుతోంది, కాగితం మీద అక్షరాలు తనవి. అరవై ఎనిమిదేళ్ల మనిషి, కిడ్నీలు కొంచెం మందగించిన మనిషి, తొమ్మిది రోజులుగా నాలుగు ముద్దలకు మించి తినని మనిషి.

తెలియక చేసి ఉంటే ఇంత మంట ఉండేది కాదు. చేరిన రోజు అంతా ఎంత భద్రంగా చేసింది! "ఇంట్ల ఏమేం గోలీలు ఏసుకుంటడు పెద్దమ్మా?" అని అడిగితే, ఆయన భార్య సత్యమ్మ, బట్టల దుకాణం కవరును మంచం మీద బోర్లించి, "గీ పసుపుది పొద్దుగాల, గీ గులాబీది తిన్నంక, పేర్లంటే నాకు తెల్వదు బిడ్డా" అంది. ఒక్కో షీటును వెనక్కి తిప్పి, కిటికీ వెలుతురుకు పట్టి, చీమ అక్షరాల్లో ఉన్న అసలు పేరు చదివి, కేస్‌షీటులో ఇంటి మందుల గడిలో రాసుకుంది తను. ఆకుపచ్చ షీటులోదీ, ఇక్కడ ఇచ్చేదీ ఒకటేనని అప్పుడే పట్టుకుంది. "ఈడున్నన్ని దినాలు ఇవి ఏయొద్దు, మేమిచ్చేటియే ఏయాలె" అని కవరుకు ముడేసి పెట్టెలో పెట్టించింది. సౌందర్య నవ్వింది కూడా, నువ్వు గోలీలను కూడ జైల్ల ఏస్తవక్కా అని. లోపలికి తీసుకునేటప్పుడు అంత కాపలా. బయటికి పంపేటప్పుడు ఆ గడిని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వెనక్కి తిప్పి చూసి ఉంటే. రెండు కాగితాలూ ఒకే అట్ట మీద ఉన్నాయి. అర నిమిషం. ఆ అర నిమిషంలో తను ఏం చేసింది? పదకొండో మంచం వాళ్ల మనవడికి సూదిమందు డబ్బా ఖాళీది ఇచ్చింది ఆడుకోవడానికి. అదీ తప్పేం కాదు. ఏదీ తప్పు కాదు విడివిడిగా చూస్తే.

సౌందర్యకు ఫోను చేసింది. కేస్‌షీటు తీసి కురుమయ్య నంబరు చదవమంది. గలగల కాగితాలు, ఎవరో దగ్గుతున్నారు, ట్రాలీ చక్రం కిర్రుమంది. తొమ్మిదీ, నాలుగూ, నాలుగూ, సున్నా... "అక్కా, గిది ఒకటా, ఏడా?" "నేను రాసిందేనా?" "నీదే అక్కా. ఒకటి లెక్కనే ఉంది, కని పైన జర వంగింది." ఒకటి పెట్టి కొట్టింది, ఆ నంబరు ఉనికిలో లేదంది. ఏడు పెట్టి కొట్టింది, నాలుగుసార్లు మోగాక ఎవరో మగమనిషి ఎత్తాడు. "కురుమయ్యనా? కురుమయ్య ఎవరమ్మా, నాది నాగర్‌కర్నూల్. నువ్వు పొరపాటు చేసినవ్." అవును, పొరపాటు చేసింది, ఆయనకెవరు చెప్పారు? ఇంకే అంకె మీద అనుమానపడాలో తెలియలేదు. మళ్లీ సౌందర్య. "అక్కా, సారు ఆపరేషన్ల ఉన్నడు. బయటికి రాంగనే చెప్పాల్నా?" వద్దు అనే మాట నోటి దాకా వచ్చింది. సారు అరుస్తారు, అందరి ముందు అరుస్తారు, పాత మందులు కంటిన్యూ అని చెప్పిన సంగతి ఆయనకు గుర్తుండదు, కాగితం మీద ఉన్న చేతిరాతే గుర్తుంటుంది, ఈ ఉద్యోగం పోతే గద్వాలకు బస్సు దూరంలో ఇంకోటి దొరకడం మాటలు కాదు, నాయిన మందులు, ఇంకా ఏమీ కాలేదు కదా, ఇంకా సాయంత్రం కాలేదు, సాయంత్రం గోలి ఏడింటికి కదా. "చెప్పు," అంది. ఆ రెండక్షరాలు పక్క సీటామెకు కూడా వినిపించనంత చిన్నగా వచ్చాయి. మళ్లీ చెప్పింది, "చెప్పు సౌందర్యా. తప్పు నేను రాసిన అని చెప్పు. నేను ఎర్రవల్లిల దిగుతున్న, వాళ్లింటికి పోత."

ఎర్రవల్లి చౌరస్తాలో దిగుతున్నానని సౌందర్యకు చెప్పాకే ఆ సంగతి తనకూ తెలిసింది. బస్సు పెద్ద రోడ్డు ఎక్కి వేగం అందుకుంది, గాలి చెవుల్లో కొడుతోంది. పోతూ పోతూ సత్యమ్మ ఏమంది? మెట్ల దగ్గర కురుమయ్యను భుజానికి ఆనించుకుని, కాగితాన్ని రవికలో దాచుకుంటూ, నవ్వుతూ, "కాయితంల ఎట్లుంటే గట్లనే ఏస్త బిడ్డా, నువ్వు ఫికరు చెయ్యకు" అంది. ఆ మాటకు తను ఆగాల్సింది. ప్రపంచంలో ఎవరు ఆగకపోయినా తను ఆగాల్సింది, ఎందుకంటే ఆ మాట తనదే, ఎనిమిదేళ్ల కింద తన నోటితో తను నాయినకు చెప్పిన మాట. నర్సింగు రెండో సంవత్సరం. నాయినకు పెద్ద దవాఖానలో పిత్తాశయంలో రాళ్లు తీశారు, ఆపరేషను ముందు బీపీ పడిపోతోందని బీపీ గోలి ఆపారు, ఇంటికి పంపేటప్పుడు మళ్లీ మొదలుపెట్టమని రాయడం మరిచిపోయారు. అంతే, మరిచిపోయారు, కోపం లేదు, పగ లేదు, ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. హాస్టలు మెట్ల మీద ఉండగా నాయిన ఫోను. "బిడ్డా, బీపీ గోలి కాయితంల లేదు. ఏసుకోవాల్నా?" నాయిన, నేతగాడు బాలకిష్టయ్య, ఏనాడూ చిన్న అనుమానాన్ని కూడా వదిలే మనిషి కాడు, చీరకు అంచు కలిపే కుచ్చు దగ్గర ఒక్క పోగు తేడా వచ్చినా మూడు గంటల నేత విప్పేసేవాడు. కింద స్నేహితురాళ్లు పిలుస్తున్నారు, సినిమాకు వేళవుతోంది. "కాయితంల ఎట్లుంటే గట్లనే ఏసుకో నాయినా, డాక్టర్లకు తెల్వదా?" అంది తను. ఇరవై మూడు రోజులకు మగ్గం గుంటలో కాళ్లు అట్లాగే ఉండగా ఆయన పక్కకు ఒరిగిపోయాడు. పోగుల మధ్య నాడె విసిరే కుడిచెయ్యి ఆ రోజు నుంచి ఒళ్లో పడుకునే ఉంది, పెంచుకుంటున్న పిల్లిలాగా. నాయిన ఆ ఫోను సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండును. అడిగితే చెప్పేది, ఏడ్చేది, తీరిపోయేది. ఆయన మాత్రం ఎవరొచ్చినా మా బిడ్డ సిస్టరు అని చెప్పుకుంటాడు, వంకర తిరిగిన నోటితోనే.

బీచుపల్లి వంతెన మీద టైర్ల చప్పుడు మారింది. కింద కృష్ణ నిండుగా, ఏమీ పట్టనట్టు ఉంది. సుమన ఫోనులో టైము చూసింది, మూడు నలభై రెండు. మళ్లీ చూసింది, మూడు నలభై రెండు. ఏడింటికి కదా, చాలా టైముంది, ఇంటికి పోయి స్నానం చేసి మనిషిని పంపినా సరిపోతుంది, ఒక్క పూట రెండు గోలీలు వేసుకుంటే మనిషి పోతాడా? పోకపోవచ్చు. పోవచ్చు. పొద్దున గోలి నైటు సిస్టరు ఏడున్నరకే వేసింది, కేస్‌షీటులో టిక్కు ఉంది, అయితే ఆ సంగతి సత్యమ్మకు తెలుసా? ఆమె అప్పుడు కింద క్యాంటీన్లో చాయకు లైనులో ఉంది. కాగితం మీద తను సూర్యుడి బొమ్మ వేసింది. వాళ్లు ఇంటికి చేరేసరికి సూర్యుడు నడినెత్తిన ఉండి ఉంటాడు. పొద్దుటిది ఏయలేదు గద, ఇప్పుడేస్త అనుకుంటే? లేచి నిలబడింది, ఇంకా ఎర్రవల్లి రానే లేదు, కండక్టరు కూర్చోమ్మా పడతవ్ అన్నాడు, అయినా కమ్మీ పట్టుకుని తలుపు దగ్గరికి పోయింది, అక్కడ నిలబడితే బస్సు తొందరగా పోతుందన్నట్టు.

కురుమయ్య ఊరు ఇటిక్యాలకు ఆటో నిండితే గాని కదలదన్నాడు డ్రైవరు. "నిండినట్టే అనుకో అన్నా, జల్ది పో," అంది. దారిలో మిరప చేలు, ఒక చోట గొర్రెల మంద అడ్డం వచ్చింది, మొత్తం మంద, ఒక్కో గొర్రె ఆలోచించి ఆలోచించి దాటుతోంది. ఈ మంద కురుమయ్యదే అయి ఉంటే, ఆయన బాగుండి ఈ పక్కనే కర్ర పట్టుకుని నిలబడి ఉంటే అని ఒక వెర్రి ఆశ కలిగింది. ఆయనకు గొర్రెలు లేవు. మూడెకరాల పత్తి ఉంది, దవాఖానలో మత్తులో కూడా ఏరేటోళ్లు దొరికిన్రా అనే అడిగేవాడు. ఊళ్లో పిండి గిర్ని దగ్గర ఆగి అడిగితే ఒకామె చెయ్యి చూపించింది. "గా నీలం తలుపు. ఇయ్యాల్నే వచ్చిండు గద దవాఖాన నుంచి. మంచిగున్నడు అన్నరు." మంచిగున్నాడట. ఆ మాటను పట్టుకుని నీలం తలుపు దాకా దాదాపు పరిగెత్తింది.

సత్యమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. సుమనను చూసి మొహం విప్పారింది. "ఓ సిస్టరమ్మా! నువ్వెట్లొచ్చినవ్?" "పెద్దనాయిన ఏడి?" "పండుకున్నడు బిడ్డా. బస్సుల ఊగి ఊగి అలసిండు. బువ్వ గూడ తినలే, రెండు ముద్దలు తిని ఒరిగిండు. లేపితే లేస్తలేడు, పోనీ పండుకోనీ అని..." మిగతా మాటలు సుమనకు వినిపించలేదు. లోపల నులక మంచం మీద కురుమయ్య అంగీ వీపుకు అతుక్కుపోయి ఉంది, నుదురు చల్లగా, బావిగట్టు మీద రాయిలా చల్లగా ఉంది, పెదవులు ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. భుజం పట్టి ఊపితే కళ్లు సగం తెరిచి, "పత్తి... తడుస్తది..." అన్నాడు మాట ముద్దగా. ఆమె చేతులు మనసు కోసం ఆగలేదు. ఒక చేత్తో నూటెనిమిదికి ఫోను చేస్తూ, "చక్కెర, పెద్దమ్మా, చక్కెర, గిలాసల నీళ్లు, జల్ది" అని అరుస్తూ, ఆయనను లేపి గోడకు ఆనించి కూచోబెట్టింది. ముందు చెంచాడు నీళ్లు పోసి, మింగుతున్నాడా లేదా అని గొంతు మీద వేలు పెట్టి చూసింది. మింగాడు. అప్పుడు చక్కెర నీళ్లు, చెంచా చెంచా, పక్కకు కారినవి తుడుస్తూ, ఇంకో చెంచా. బయట ఎవరిదో ట్రాక్టరు ఆగి ఆగి స్టార్టవుతోంది. పది నిమిషాలు. తన బతుకులో పది నిమిషాలు ఇంత పొడవుంటాయని ఆమెకు తెలియదు. నాయినా, నాయినా అంటోంది తను, పెద్దనాయినా అనడం ఎప్పుడు మానేసిందో తెలియదు. తర్వాత కురుమయ్య కళ్లు మెల్లగా ఒక చోట నిలిచాయి, ఆమె మొహం మీద. "సూదుల సిస్టరు గద," అన్నాడు, భయంగా. "మల్ల సూది ఏస్తవా?"

సుమన మంచం పక్కనే నేల మీద కూర్చుంది. సత్యమ్మ గిలాస పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది. "ఏమైంది బిడ్డా? నేను కాయితంల ఉన్నట్టే ఏసిన. ఈడికొచ్చినంక పొద్దుగాలవి ఏయలే గద అని మీరిచ్చింది ఒకటి, ఇంటిది ఒకటి, రెండు ఏసిన. నా చేతులతోని నేనే ఏసిన." ఆ చేతుల వైపే చూసుకుంటోంది ఆమె, అవి ఎవరివో అన్నట్టు. ఇప్పుడు ఊరుకుంటే చాలు. అలసటమ్మా, వయసమ్మా అంటే నమ్ముతుంది. పెద్ద దవాఖానవాళ్లు తమకు అట్లాగే ఏదో చెప్పారు, నాయిన రాత అన్నారు, అమ్మ ఇప్పటికీ దాన్నే నమ్ముతుంది. "నీ చేతులు కాదు పెద్దమ్మా," అంది సుమన. "నేను తప్పు రాసిన. ఆ రెండు గోలీలు ఒకటే. పేర్లే వేరు. ఇంటిది ఆపమని రాయాలె, నేను ఏయమని రాసిన. నువ్వు నేను చెప్పిందే చేసినవ్." సత్యమ్మ కురుమయ్య బట్టతల మీద చెమటను కొంగుతో తుడిచింది, ఒకసారి, రెండుసార్లు, తడి లేకపోయినా మూడోసారి. "కాయితం నమ్మితి గద బిడ్డా," అంది చివరకు. తిట్టి ఉంటే సుమన తట్టుకునేది.

చక్కెర నీళ్లతో అయిపోలేదని ఆమెకు తెలుసు. ఆ మందు ఒంట్లోంచి పోయేదాకా షుగరు మళ్లీ మళ్లీ పడుతుంది, రేపటి దాకా కనిపెట్టుకుని ఉండాలి. నూటెనిమిది గద్వాలకు తీసుకుపోతుంది, అక్కడ కొత్త డాక్టరు, కొత్త సిస్టరు, కొత్త కేస్‌షీటు. మళ్లీ ఎవరో అడుగుతారు, ఇంట్లో ఏమేం వేసుకుంటాడని. "ఇంట్ల ఉన్న గోలీలన్నీ తే పెద్దమ్మా. ఒక్కటి గూడ విడవకు." గూట్లోంచి, బియ్యం డబ్బా మీంచి, దేవుడి పటం వెనక నుంచి వచ్చాయి. మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చినవి కూడా రెండు ఉన్నాయి, ఇవి దవాఖానలో చెప్పలేదేమని అడిగితే, అవి నొప్పివి గద, జబ్బువి కావు గద అంది సత్యమ్మ. సుమన సంచిలోంచి నోటుబుక్కు తీసి కాగితం చింపి మోకాలి మీద పెట్టుకుంది. "జర ఆగు," అంది సత్యమ్మ, ఎదురుగా నేల మీద కూర్చుంటూ. గొంతులో మెత్తదనం లేదు. "ఈసారి మనసుల రాసుకునుడు కాదు. నాకు ఇనవడేటట్టు సదువుకుంట రాయి. నేను అన్నంక ఇంకోటి రాయి."

అట్లాగే రాసింది. ఒక్కో షీటూ సత్యమ్మ చేతిలో పెట్టి, ఇది బీపీది అని చదివి, ఆమె బీపీది, పొద్దుగాల, ఇయ్యాల ఏసిన అన్నాక రాసింది. చిన్న గోలి, గుండెది, మాపటికి, ఇయ్యాల ఏయలే. దగ్గు మందు. నొప్పి గోలీలు, కిడ్నీకి మంచియి కావు, బంద్. షుగరుది దగ్గర ఇద్దరూ ఆగారు. పొద్దున ఏడున్నరకు దవాఖానలో ఒకటి, ఒంటిగంటకు ఇంట్లో రెండు, మొత్తం మూడు. ఆ అంకెను ఇంకోటిగా చదవడానికి వీల్లేకుండా రాసింది. కింద, డిశ్చార్జి కాగితంలో తప్పు అని రాసి, తన పేరూ, తన ఫోను నంబరూ వేసింది, అది కూడా చదివి వినిపించింది. ఫోను మోగుతోంది, మల్లికార్జున్ సారు పేరు వెలిగి ఆరుతోంది. రెండోసారి మోగినప్పుడు ఎత్తి, "సార్, పేషెంటు దగ్గర్నే ఉన్న. మూడు పడ్డయి సార్. గద్వాలకు పంపుతున్న, నేను గూడ పోత," అంది. అవతల సారు అరవలేదు. "నేను గద్వాలకు ఫోన్ చేసి చెప్త," అన్నారు.

నీలం తలుపు ముందు బండి ఆగింది. స్ట్రెచరు పట్టుకుని దిగిన మనిషి కురుమయ్య వేలికి సూది గుచ్చి షుగరు చూసి, తల ఎత్తకుండానే అడిగాడు, "ఏమేం మందులేస్తున్నరు?" సుమన కాగితం కోసం చెయ్యి చాపింది. కాగితం సత్యమ్మ దగ్గర ఉంది, ఆమె ఇవ్వలేదు. రెండు షుగరు షీట్లనూ రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుని, "ఇటు జూడు అయ్యా, ముందుగాల ఇది ఇను. ఈ రెండు ఒకటే. పేర్లు చూసి మోసపోకు" అని మొదలుపెట్టి, బీపీది, గుండెది, దగ్గుది, ఏది ఎన్ని గంటలకు పడిందో, ఏది పడలేదో, ఏది బందో, ఒక్కటి పొల్లుపోకుండా చెప్పుకుంటూ పోయింది. ఆయన రాసుకున్నాడు. ఒకటి రాసి, చదివి వినిపించకుండానే ముందుకు పోబోతే, "ఏం రాసినవో సదువు," అంది.